ఇచిమత్సు ముడుచుకుపోయే స్వభావాన్ని ‘ఒసోమత్సు-సాన్’ ఎగతాళి చేస్తోందా?

ప్రశ్న
రాసినవారు: విశాఖ వీక్షకురాలు

సభ్యులందరికీ నమస్కారం. ‘ఒసోమత్సు-సాన్’ మొదటి సీజన్‌లోని 25 ఎపిసోడ్లూ పూర్తి చేసి, ఇప్పుడు రెండవ సీజన్ చూస్తున్నాను. ఒకే కాన్పులో పుట్టి, ఇరవై ఏళ్లు దాటినా ఉద్యోగం సద్యోగం లేకుండా తల్లిదండ్రుల నీడనే బతుకుతున్న ఆరుగురు అన్నదమ్ముల జపాన్ యానిమేషన్ హాస్యకథ ఇది. వారిలో నాలుగోవాడైన ఇచిమత్సు నా మనసుకు బాగా దగ్గరయ్యాడు. సగం మూసిన కళ్లు, దువ్వని జుట్టు, వంగిన వీపు, తరచుగా ముఖానికి మాస్కు, ఊదారంగు చొక్కా, ఇవి అతని గుర్తులు. అన్నదమ్ములు తప్ప మనుషులెవరితోనూ కలవడు. సందుల్లో తిరిగే పిల్లులకు తిండి పెడుతూ వాటి దగ్గరే కూర్చుంటాడు. తనను తాను చెత్తగా చెప్పుకుంటాడు.

ఈ పాత్ర విషయంలో మా అక్కకూ నాకూ అభిప్రాయభేదం వచ్చింది. నలుగురిలో కలవలేని మనిషిని నవ్వులపాలు చేయడం క్రూరత్వమేననీ, జపాన్‌లో లక్షలాది కుటుంబాలు నిజంగా అనుభవిస్తున్న బాధను ఈ ధారావాహిక సరదాగా మార్చేసిందనీ అక్క అంటుంది. నాకు మాత్రం అతన్ని చూసి నవ్విన ప్రతిసారీ అతని మీద ఇష్టం పెరిగిందే తప్ప చులకన భావం కలగలేదు. అలా ఎందుకు జరిగిందో అక్కకు వివరించి చెప్పగలిగేంత స్పష్టత నాకు లేదు.

అందుకే మీ ముందు రెండు విషయాలు ఉంచుతున్నాను. ఇచిమత్సును జపాన్‌వారు ‘హికికొమొరి’ (లోకానికి దూరంగా ఇంట్లోనే ఉండిపోయేవారు) అని పిలిచే వర్గంలో చేర్చవచ్చా? అలా చేర్చినా చేర్చకపోయినా, ఈ హాస్యం అతని ఒంటరితనం మీద ఆధారపడిందా, లేక మరి దేని మీదనైనా ఆధారపడిందా? ‘అది ఉత్త కామెడీ, అంత ఆలోచించనక్కరలేదు’ అనే సమాధానం దయచేసి ఇవ్వవద్దు, ఆ మాట ఇంట్లో ఇప్పటికే విన్నాను.


సమాధానం 1
రాసినవారు: పాత మాంగా పాఠకుడు

మీ రెండవ ప్రశ్నకు జవాబు ఈ అన్నదమ్ముల పుట్టుకలోనే ఉందని నా నమ్మకం కాబట్టి, కొంచెం వెనక్కి వెళ్లడానికి అనుమతించండి. అకత్సుక ఫుజియో 1962లో ‘షోనెన్ సండే’ వారపత్రికలో ‘ఒసోమత్సు-కున్’ అనే మాంగాను (జపాన్ బొమ్మల కథను) ప్రారంభించినప్పుడు ఈ ఆరుగురూ చిన్నపిల్లలు. ముఖాలే కాదు, గుణాలు కూడా దాదాపు ఒక్కటే. ఎవరు ఎవరో తల్లికి కూడా తెలియని అయోమయమే ఆ కథలోని హాస్యానికి మూలం. ఒకరు చేసిన తప్పుకు ఇంకొకరు దెబ్బలు తినడం, ఒకరికి రావలసిన తాయిలం ఇంకొకరికి దక్కడం వంటి సంఘటనలతో కథ నడిచేది. అయితే తేడా లేని ఆరుగురి మీద పాఠకుల దృష్టి ఎక్కువకాలం నిలవదు. అందువల్లనే కాబోలు, పళ్లు ముందుకు పొడుచుకొచ్చిన ఇయామీ, ఒడెన్ (పులుసులో ఉడికించే జపాన్ వంటకం) అంటే ప్రాణమిచ్చే చిబితా వంటి పక్కపాత్రలు రానురాను అసలు నాయకులకంటే ఎక్కువ పేరు తెచ్చుకున్నాయి. ఇయామీ ‘షే!’ అంటూ కాలూ చెయ్యీ పైకెత్తే భంగిమను 1960ల నాటి జపాన్‌లో పిల్లలూ పెద్దలూ కూడా అనుకరించారు.

ఆ మాంగాలో ఇచిమత్సు అనే పేరు ఉంది, మీరు ప్రేమిస్తున్న ఇచిమత్సు మాత్రం లేడు. 1966లో వచ్చిన మొదటి టీవీ ధారావాహికలోనూ, 1988లో స్టూడియో పియెరో తీసిన రెండవదానిలోనూ లేడు. అకత్సుక 80వ జయంతి సందర్భంగా అదే పియెరో సంస్థ 2015 అక్టోబరులో ‘ఒసోమత్సు-సాన్’ మొదలుపెట్టినప్పుడు, అంతకుముందు ‘గింతమా’కు దర్శకత్వం వహించిన ఫుజితా యోయిచి, కథాసంవిధానం చూసిన మత్సుబరా షు కలిసి ఆ ఆరుగురినీ పెద్దవాళ్లను చేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క స్వభావం ఇచ్చారు. ఒసోమత్సు ఏ బాధ్యతా పట్టని పెద్దన్న. కరమత్సు తనను తాను సినిమా హీరోగా ఊహించుకునేవాడు. చొరోమత్సు బుద్ధిమంతుణ్నని చెప్పుకునేవాడు. జ్యుషిమత్సు అంతుపట్టని ఉత్సాహం. తొదోమత్సు లోకం పోకడ తెలిసిన గడుసువాడు. నాలుగోవాడికి ముడుచుకుపోవడం వచ్చింది.

ఈ పంపకాన్ని జాగ్రత్తగా గమనించమని కోరుతున్నాను. ఆరుగురికీ ముఖం ఒకటే, ఇల్లు ఒకటే, పరుపు కూడా ఒకటే. పక్కపక్కనే ఒకే పొడవాటి పరుపు మీద ఆరుగురూ పడుకుంటారు. అలాంటి చోట ఇచిమత్సు ఒంటరితనం సానుభూతి కోసం అంటించిన రోగంగా కాక, మిగిలిన ఐదుగురి నుంచి అతన్ని వేరుచేసే గీతగా పనిచేస్తోంది. చిత్రకారులు కూడా దాన్ని గీతలతోనే చూపించారు. కరమత్సుకు దట్టమైన కనుబొమలు, జ్యుషిమత్సుకు ఎప్పుడూ తెరిచి ఉండే నోరు, తొదోమత్సుకు పెద్ద కనుపాపలు ఇచ్చినట్టే ఇచిమత్సుకు వాలిన రెప్పలు ఇచ్చారు. అంటే ఆరు లోపాలలో అతనిది ఒకటి. తక్కిన ఐదుగురూ సమాజంలో చక్కగా కుదురుకున్నవాళ్లై, ఇతనొక్కడే వెనకబడి ఉంటే మీ అక్కగారి అభ్యంతరం నూటికి నూరు పాళ్లు సబబయ్యేది. ఇక్కడ ఆరుగురికీ ఉద్యోగం లేదు, ప్రియురాలు లేదు. ఇచిమత్సును వేలెత్తి చూపే అర్హత ఆ ఇంట్లో ఏ అన్నకూ తమ్ముడికీ లేదు.

ఒక్క మాట గొంతు గురించి కూడా చెప్పాలి. ఇచిమత్సుకు గాత్రం ఇచ్చిన ఫుకుయామా జున్, 2006 నాటి ‘కోడ్ గియస్’లో సామ్రాజ్యాన్నే ఎదిరించే లెలూష్‌కు గాత్రం ఇచ్చిన నటుడు. నిండు సభను శాసించగల ఆ గొంతు ఇక్కడ పళ్ల సందుల్లోంచి గొణుగుతుంది. వినగలిగితే జపనీస్ గాత్రాలతోనే వినండి.


సమాధానం 2
రాసినవారు: మనస్తత్వశాస్త్రం బోధిస్తాను

మీ మొదటి ప్రశ్నను నేను తీసుకుంటాను. నేను వైద్యురాలిని కాను, తరగతిలో ఈ అంశాన్ని పాఠంగా చెప్పే అధ్యాపకురాలిని మాత్రమే. ఒక కల్పిత పాత్రకు రోగనిర్ధారణ చేయడం నాకు సమ్మతం కాదు గాని, మీరు అడిగిన మాటకు జపాన్‌లో ఉన్న నిర్వచనం ఏమిటో చెప్పి, దాని పక్కన ఇచిమత్సును నిలబెట్టి చూడవచ్చు.

‘హికికొమొరి’ అనే మాటను జపాన్‌లో సామాన్య ప్రజల నోటికి చేర్చినది మానసిక వైద్యుడు సైతో తమాకి 1998లో రాసిన పుస్తకం. తర్వాత 2010లో ఆరోగ్య మంత్రిత్వ శాఖ తరఫున వెలువడిన మార్గదర్శకాల ప్రకారం, చదువు, ఉద్యోగం, ఇంటి బయటి స్నేహాలు వంటి సామాజిక సంబంధాలన్నిటినీ తప్పించుకుంటూ ఆరు నెలలకు పైగా చాలామటుకు ఇంట్లోనే ఉండిపోయే స్థితి హికికొమొరి. ఇచిమత్సు అభిమానులు తరచుగా చెప్పే మాట ఒకటుంది: ‘అతడు బయటికి వెళతాడు కదా, పిల్లుల దగ్గరికి వెళతాడు కదా, కాబట్టి హికికొమొరి కాడు’ అని. ఆ వాదన నిలవదు. ఇతరులతో కలవవలసిన అవసరం లేని విధంగా బయటికి వెళ్లివచ్చేవారు కూడా ఆ నిర్వచనంలోకి రావచ్చునని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. మంత్రివర్గ కార్యాలయం జరిపిన సర్వేలలోనూ, దగ్గరలోని దుకాణం వరకు వెళ్లివచ్చేవారినీ తమ అభిరుచికి సంబంధించిన పనికి మాత్రమే గడప దాటేవారినీ విస్తృతార్థంలో లెక్కలోకి తీసుకున్నారు. సందులో పిల్లులతో గడపడం అచ్చంగా ఈ కోవలోకే వస్తుంది.

అతన్ని ఆ వర్గంలో చేర్చకుండా నన్ను ఆపుతున్నది వేరే విషయం. అతడు అన్నదమ్ములతో కలిసి ఊరంతా తిరుగుతాడు. అందరితో పాటు వీధి స్నానశాలకు వెళతాడు. చిబితా ఒడెన్ బండి దగ్గర కూర్చుని తాగుతాడు. అన్నదమ్ములు ఏ పిచ్చి పని తలపెట్టినా వాళ్ల వెనక అతడూ ఉంటాడు. ఆ ఐదుగురు పక్కన ఉన్నంతసేపూ లోకం అతనికి భరించదగినదే. వాళ్లు లేనప్పుడు పిల్లులు మాత్రమే మిగులుతాయి. నా తరగతిలో ఈ పాత్రను ఉదాహరణగా చెప్పవలసి వస్తే, సమాజం నుంచి వైదొలగి కుటుంబంలో మాత్రమే బతుకుతున్న మనిషి అని చెబుతాను, అంతకు మించి పేరు పెట్టను.

మీ అక్కగారు చెప్పిన లక్షలాది కుటుంబాల సంగతి నిజమే, దాన్ని తేలికగా తీసుకోకూడదు. 15 నుంచి 39 ఏళ్ల వయసువారిలో సుమారు 5 లక్షల 41 వేల మంది ఈ స్థితిలో ఉన్నారని 2016లో ప్రభుత్వం అంచనా ప్రకటించింది. ఇది యువకుల సమస్య మాత్రమేనన్న భ్రమ, 40 నుంచి 64 ఏళ్ల వారిలో సుమారు 6 లక్షల 13 వేల మంది ఉన్నారని 2019లో తేలడంతో పోయింది. 2023లో వెలువడిన అంచనా ప్రకారం 15 నుంచి 64 ఏళ్ల మధ్య మొత్తం సుమారు 14 లక్షల 60 వేల మంది, అంటే ఆ వయసు జనాభాలో ఇంచుమించు నూటికి ఇద్దరు. ఎనభై ఏళ్ల తల్లిదండ్రులు యాభై ఏళ్ల కొడుకునో కూతురినో పోషించవలసి రావడాన్ని అక్కడ ‘8050 సమస్య’ అంటారు. మత్సునో దంపతులు ఆరుగురు ఎదిగిన కొడుకులను సాకుతున్నారన్న కథాంశాన్ని ఈ నేపథ్యంలో చూసే జపాన్ ప్రేక్షకుడికి ఆ నవ్వు వెనక ఒక భయం ఉండే ఉంటుంది.

మొదటి సీజన్‌లో తల్లిదండ్రులు విడిపోతామని ప్రకటించి, తల్లి మత్సుయో తన వెంట ఎవరిని ఉంచుకోవాలో తేల్చడానికి కొడుకులకు ఇంటర్వ్యూ పెట్టే కథ ఉంది, గుర్తుందా? ఒక్కొక్కరూ తమను తాము అమ్ముకోవడానికి ప్రయత్నిస్తారు. ఇచిమత్సు మాత్రం తనలోని మంచి ఒక్కటీ చెప్పుకోడు. తనను ఇంటి నుంచి లోకం మీదికి వదిలితేనే ప్రమాదమన్న ధోరణిలో మాట్లాడతాడు. దానికి నేను చాలా నవ్వాను, నవ్విన తర్వాత చాలాసేపు ఆలోచించాను కూడా. తన మీద తనకు ఏమాత్రం విలువ లేని మనిషి, అయినా ‘నన్ను వదిలేయవద్దు’ అని అడగవలసి వచ్చినప్పుడు అతని చేతిలో ఉన్న ఒకే ఒక్క మాట అది. బెదిరింపులా వినిపించే ఆ మాట నిజానికి అభ్యర్థన. ముడుచుకుపోయిన మనుషులు ప్రేమను నేరుగా అడగరు, అడగవలసిన మాటను తిరగేసి చెబుతారు. ఈ సంగతి బాగా తెలిసినవాళ్లే ఆ సన్నివేశం రాశారు.


సమాధానం 3
రాసినవారు: రెండో అన్న పక్షం

పై ఇద్దరి మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే, ఒక అభ్యంతరం నమోదు చేయదలచుకున్నాను. ఇచిమత్సు మీద మనకు కలిగే జాలి, అతడు కరమత్సు పట్ల ప్రవర్తించే తీరును మన కళ్ల నుంచి దాచివేస్తోంది. కరమత్సు వాళ్ల రెండో అన్న. ఎప్పుడూ నల్లకళ్లద్దాలు, తోలు కోటు, అర్థం లేని గొప్ప మాటలు. అయినా ఆరుగురిలో మనసున్నవాడు అతనే. ఆ అన్నను ఇచిమత్సు తిట్టుపేరుతో తప్ప పిలవడు, కాలర్ పట్టుకుంటాడు, దొరికిన ప్రతిసారీ కొడతాడు. తక్కిన నలుగురిని ఇలా చేయడు. ఒంటరివాడు కదా అని ఈ క్రూరత్వాన్ని మనం మాఫీ చేయకూడదు.

ఈ విషయం రచయితలకు తెలుసునని చెప్పడానికి 5వ ఎపిసోడ్ చాలు. అందులో రెండు కథలు ఉన్నాయి. మొదటిదానిలో, బాకీపడ్డ ఒడెన్ డబ్బు రాబట్టుకోవడానికి చిబితా కరమత్సును ఎత్తుకుపోతే, ఇంట్లో ఒక్కరూ పట్టించుకోరు. రెండవది ఇచిమత్సు పిల్లి కథ. కథలోని శాస్త్రజ్ఞుడు డెకపాన్ తయారుచేసిన మందు ప్రభావంతో ఆ పిల్లి, ఎదుట ఉన్నవారి మనసులో దాగిన మాటను పైకి చెప్పేయడం మొదలుపెడుతుంది. నీకు స్నేహితులు లేరే అని అన్నదమ్ములు ఇచిమత్సును గురించి మాట్లాడుకుంటున్న సందర్భంలో, ఆ పిల్లి అతని మనసును కూడా బయటపెడుతుంది: అన్నదమ్ములు ఉన్నారు కాబట్టే తనకు వేరే స్నేహితులు అక్కరలేదని. ఆ మాట అందరి ముందూ బయటపడేసరికి ఇచిమత్సు తట్టుకోలేక, తనకున్న ఒకే ఒక్క నేస్తాన్ని తరిమేస్తాడు. తర్వాత జ్యుషిమత్సు ఆ పిల్లి కోసం వెతుకుతూ తిరుగుతాడు, చివరికి పిల్లి తిరిగివస్తుంది, అన్నదమ్ములంతా ఇచిమత్సును ఆదరంగా చుట్టుముడతారు.

సరిగ్గా అప్పుడు, ఒళ్లంతా కట్లతో ఉన్న కరమత్సు దూరం నుంచి ఆ దృశ్యం చూసి, తన విషయంలో చూపినదానికీ ఇప్పుడు చూపుతున్నదానికీ ఇంత తేడానా అని భోరుమంటాడు. ప్రేక్షకుడు కన్నీళ్లు తుడుచుకుంటూనే పగలబడి నవ్వే ఘట్టం అది, నేనూ నవ్వాను. అయితే నవ్వు ఆగిన తర్వాత నాకు మిగిలింది కరమత్సు ప్రశ్నే. బాధను మౌనంగా మోసేవాడికి ఇంత ఆదరణ దొరికినప్పుడు, బాధను ఆడంబరం వెనక దాచుకున్నవాడికి ఎందుకు దొరకలేదు? ఇంట్లో ఒకరు ముడుచుకుపోయినవారు ఉంటే అందరి జాగ్రత్తా వారి చుట్టే తిరగడం, ధైర్యంగా కనిపించే ఇంకొకరి గాయం ఎవరికీ కనిపించకపోవడం మన ఇళ్లలోనూ జరిగేదే. ఇచిమత్సును అర్థం చేసుకోవాలంటే అతన్ని ఒక్కణ్నే చూస్తే చాలదు, అతని చేత దెబ్బలు తిన్న అన్నను కూడా చూడాలి.

విశాఖ వీక్షకురాలు గారూ, మీ అక్కగారికి ఈ 5వ ఎపిసోడ్ రెండు కథలనూ కలిపి, మధ్యలో ఆపకుండా చూపించండి. రెండవదాన్ని విడిగా చూస్తే అది ఒక కరుణరసం నిండిన చిన్న కథ. మొదటిదాని తర్వాత చూస్తే ఆ కరుణకు ఎవరు ఎంత చెల్లించారో తెలుస్తుంది.


అడిగినవారి స్పందన
రాసినవారు: విశాఖ వీక్షకురాలు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పిల్లి కథ దగ్గర నేను ఎందుకు ఏడ్చానో ఇప్పుడు కొంత స్పష్టమైంది. అతనికి మనుషులు అక్కరలేదని నేను అనుకుంటూ వచ్చాను. అతనికి కావలసిన మనుషులు అతని పక్కనే పడుకుని ఉన్నారన్న మాట నాకు తట్టలేదు. కరమత్సు విషయంలో రెండో అన్న పక్షం గారి అభ్యంతరం న్యాయమైనది. అయితే ఒక చిన్న సందేహం మిగిలింది. ఇచిమత్సు మిగిలిన నలుగురినీ వదిలి కరమత్సునే ఎందుకు ఎంచుకుంటాడు? అతడు మొదటి నుంచీ ఇలాగే ఉన్నాడా, లేక ఎక్కడో ఇలా మారాడా? దీనికి జవాబు కథలో ఎక్కడైనా దొరుకుతుందా?


సమాధానం 4
రాసినవారు: ఊదారంగు

ఇచిమత్సే నాకు ఇష్టమైనవాడు కాబట్టి నా మాటల్లో పక్షపాతం ఉంటుంది, అది ముందే గ్రహించి చదవండి. మీరు అడిగిన రెండింటికీ కథలోనే ఆధారాలు ఉన్నాయి. వాటిని ఎవరూ ఉపన్యాసంగా చెప్పరు, సంఘటనల్లో దొరుకుతాయి. ముందుగా 16వ ఎపిసోడ్‌లోని ‘ఇచిమత్సు ఉదంతం’ మళ్లీ చూడండి. మొదటిసారి చూసినప్పుడు నవ్వులో దాని బరువు తెలియదు.

కరమత్సు నిద్రపోతూ ఉండగా, అతడు విడిచిన బట్టలను ఇచిమత్సు తొడుక్కుంటాడు. అదే తోలు కోటు, అవే నల్లకళ్లద్దాలు, ఇన్నాళ్లూ అతడు అసహ్యించుకున్న వేషం. అంతలో ఒసోమత్సు ఇంటికి వచ్చి అతన్ని కరమత్సు అనుకుని మాట్లాడటం మొదలుపెడతాడు. ఆరుగురికీ ముఖం ఒకటే కదా! దొరికిపోతే చావే శరణ్యమన్నంతగా ఇచిమత్సు వణికిపోతాడు. అప్పుడు మేల్కొన్న కరమత్సు పరిస్థితి గ్రహించి, తమ్ముణ్ని పట్టివ్వడానికి బదులు, తనే ఇచిమత్సు బట్టలు తొడుక్కుని ఇచిమత్సులా నటిస్తూ అతన్ని కాపాడటానికి పూనుకుంటాడు. రోజూ తన్ను కొట్టే తమ్ముడి కోసం!

పాత మాంగా పాఠకుడు గారు చెప్పిన 1962 నాటి తికమకే ఇది. ఒకే ముఖం, మారిన మనిషి, పొరబడిన అన్న. అప్పట్లో ఆ తికమక వల్ల దెబ్బలూ తాయిలాలూ చేతులు మారేవి, ఇక్కడ ఒక మనిషి దాచుకున్న కోరిక బయటపడుతుంది. కరమత్సు తనకు నచ్చినట్టు ఉంటాడు, ఎవరు నవ్వినా లెక్కచేయడు, తనను తాను అందగాడిగా చెప్పుకోవడానికి సిగ్గుపడడు. ఇచిమత్సు చేయలేనివన్నీ అవే. ఒకే ముఖం పెట్టుకుని, ఒకే గదిలో, తాను చేయలేనిదాన్ని అంత తేలికగా చేసేసే మనిషిని రోజంతా చూడవలసి రావడం ఎంత కష్టం! అతని కోపం అక్కడి నుంచి వచ్చిందని నేను భావిస్తున్నాను. ఇది నా వ్యాఖ్యానం మాత్రమే, కథలో ఎవరూ ఈ మాట అనరు. రెండో అన్న పక్షం గారు చెప్పినట్టు, కారణం తెలిసినంత మాత్రాన కొట్టిన దెబ్బలు కొట్టనివైపోవు. అసూయ అని నేను అనడం లేదు. అసూయే అయితే అతడు ఆ కోటును చింపేసి ఉండేవాడు, తొడుక్కునేవాడు కాదు.

ఇక అతడు ఎప్పుడు ఇలా మారాడన్న ప్రశ్నకు 2019లో వచ్చిన సినిమా జవాబిస్తుంది. మీరు ఇంకా చూడలేదు కాబట్టి కథ మొత్తం చెప్పను. ఆరుగురూ తమ హైస్కూలు రోజుల లోకంలోకి వెళ్లి, పద్దెనిమిదేళ్ల వయసున్న తమను తామే ఎదురుగా చూస్తారు. అప్పటికి ఎవరూ ఇప్పటిలా లేరు. కరమత్సు బెరుకుగా ఉంటాడు, జ్యుషిమత్సు రౌడీలా ఉంటాడు. ఇచిమత్సు మాత్రం అందరితోనూ కలివిడిగా, అవసరానికి మించిన ఉత్సాహంతో, నవ్వు ముఖానికి అతికించుకుని తిరుగుతుంటాడు. తోటి విద్యార్థుల మధ్య ఆ ఉత్సాహం ఎంత బలవంతంగా తెచ్చుకున్నదో, దానివల్ల అతడు ఎంత అలిసిపోతున్నాడో చూస్తున్న మనకు తెలుస్తూనే ఉంటుంది. నాకు ఆ ఇచిమత్సును చూడటమే బాధగా అనిపించింది, ఇప్పటి గొణుగుడు మనిషిని చూడటంకంటే ఎక్కువ బాధగా.

దీనివల్ల మనోవిజ్ఞానం బోధించే అధ్యాపకురాలు గారి మాటకు ఒక చేర్పు వస్తుంది. అతడు మనుషులతో కలవడం చేతకాక ముడుచుకుపోలేదు. కలిసిపోవడానికి ఒకప్పుడు శక్తినంతా ధారపోసి ప్రయత్నించాడు. ఇప్పటి వాలిన రెప్పలూ మాస్కూ, నటించడం మానేసిన మనిషివి. ఇంట్లో ఐదుగురి మధ్య చెడ్డగా, మొరటుగా, మౌనంగా ఉన్నా వెళ్లగొట్టరన్న నమ్మకం అతనికి ఉంది కాబట్టే ఆ నటన మానగలిగాడు. మీ అక్కగారితో మాట్లాడేటప్పుడు ఈ అంశం ఉపయోగపడుతుందనుకుంటాను: ఈ ధారావాహిక అతనికి స్నేహితులు లేరని నవ్వదు, పిల్లి నోట నిజం వినిపించినప్పుడు, వేరే వారి కోటులో దొరికిపోబోయినప్పుడు, అంటే దాచుకున్నది బయటపడే క్షణంలో అతడు పడే గాభరాను చూసి నవ్వుతుంది. మామూలుగా నలుగురితో కలిసే మనుషులకు కూడా ఆ గాభరా బాగా తెలుసు, అందుకే మీకు చులకన భావం కలగలేదు.

అయితే అక్కగారి వైపు కూడా కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాలి. ఈ ధారావాహికలో మొరటు హాస్యం, బూతు హాస్యం చాలా ఉన్నాయి. ఇచిమత్సు వంతుకు వచ్చిన అలాంటి సన్నివేశాలు కొన్ని నాకు నచ్చవు, అవి అతన్ని నిజంగానే దిగజార్చాయి. ప్రతి ఎపిసోడ్‌నూ సమర్థించవలసిన బాధ్యత అభిమానికి లేదు.

మీరు రెండవ సీజన్‌లో ఉన్నారు కాబట్టి, అందులో చొరోమత్సు, ఇచిమత్సు ఇద్దరే ఒకచోట మిగిలిపోయే చిన్న కథను తప్పక చూడండి. ఆరుగురు ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేని ఇద్దరికి, ఇద్దరే ఉన్నప్పుడు ఏం మాట్లాడాలో తోచదు. అన్నదమ్ములతో మాత్రమే కలిసే మనిషికి ఆ అన్నదమ్ముల్లో కూడా ఒక్కొక్కరితో ఒక్కొక్క దూరం ఉందన్న సంగతి అక్కడ తెలుస్తుంది. జ్యుషిమత్సుతో ఉన్నప్పుడు ఆ ఇబ్బంది ఉండదు, ఎందుకంటే జ్యుషిమత్సు ఎదుటివాడి దగ్గరి నుంచి జవాబు ఆశించడు. పిల్లులూ అంతే.

చూసే వరుస గురించి ఒక సూచన. అక్కగారికి మొదటి సీజన్ 5వ ఎపిసోడ్, తర్వాత 16వ ఎపిసోడ్ చూపించి, ఆపైన సినిమా పెట్టండి. మొదటి ఎపిసోడ్‌తో మొదలుపెట్టాలని పట్టుపట్టవద్దు. ఇతర ధారావాహికలను అనుకరించిన దృశ్యాలు ఎక్కువ కావడంతో దాన్ని డిస్కుల్లోంచి తీసేసి, బదులుగా కొత్తది తయారుచేసి పెట్టారు, ఇచిమత్సు కథకు దానితో పనిలేదు. సినిమా చూశాక అక్కగారు ఏమన్నారో ఇక్కడ రాయండి. హైస్కూలు ఇచిమత్సును చూసినవారి అభిప్రాయం వినాలని నాకు చాలా కోరికగా ఉంది.